మెలకువలోనే "ఇది కలేమో" అని చూడటం: లూసిడ్ డ్రీమ్స్ కోసం పగటి సాధన, స్టెప్ బై స్టెప్

లూసిడ్ డ్రీమ్స్ గురించి ఎప్పుడు మాట్లాడినా చివరికి వచ్చే ప్రశ్న ఒకటే, "రోజంతా చేతివేళ్ళు లెక్కపెడుతూనే ఉన్నా, రాత్రి మాత్రం ఏమీ జరగట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?" అని. తేడా చాలావరకు ఒకేచోట ఉంటుంది. వేళ్ళు లెక్కపెడుతున్నారు (కలలో వేళ్ళ లెక్క తరచుగా తప్పుతుంది కాబట్టి, "ఇది కలా?" అని చూసే టెస్ట్ అది) గానీ అనుమానపడట్లేదు. ఆ అనుమానం ఎలా తెచ్చుకోవాలి, ఏది ముందు ఏది తర్వాత, రాత్రి నిద్రతో దాన్ని ఎలా కలపాలి అన్నదే ఇక్కడ రాస్తున్నా.

మొదలుపెట్టేముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. లూసిడ్ డ్రీమ్ అంటే కల నడుస్తుండగానే "ఇది కల" అని మీకు తెలియడం, అంతే. ఎగరడం, కథ మార్చడం, కావాల్సినవాళ్ళని పిలిపించుకోవడం ఇవన్నీ తర్వాతి సంగతి, అవేవీ జరక్కపోయినా తెలిసిందంటే అది లూసిడే.

పగటి సాధన రాత్రికి ఎందుకు పనికొస్తుందంటే, పగలు మనసు దేని చుట్టూ తిరిగితే కలలు కూడా చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి. పరీక్షల టైంలో పరీక్ష కలలు, కొత్తగా బండి నేర్చుకుంటుంటే బండి కలలు వస్తాయి కదా. అలాగే "ఇది కలా?" అన్న ప్రశ్న బాగా అలవాటైతే అది కూడా కలలోకి వస్తుంది, కాకపోతే అక్కడ జవాబు వేరేగా వస్తుంది. మామూలుగా కలలో అనుమానం ఎందుకు రాదంటే, రెమ్ నిద్రలో (రెప్పల కింద కళ్ళు వేగంగా కదులుతూ, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ) మెదడు ముందు భాగంలో తర్కానికి, బేరీజు వేయడానికి వాడే కొన్ని ప్రాంతాలు తక్కువగా పనిచేస్తుంటాయి, అందుకే ఎప్పుడో చనిపోయిన తాతయ్య వచ్చి కాఫీ అడిగితే లేచి వంటింట్లోకి వెళ్తాం గానీ "ఆగు, తాతయ్య లేడు కదా" అనుకోం. ఆ "ఆగు" అనేదాన్ని పగలు ప్రాక్టీస్ చేస్తాం.

## 1. ఎవరు చేయకూడదు, ఏ గీత దాటకూడదు

ఇది స్కిప్ చేయకండి. ఈ సాధనలో మనం కావాలనే మెలకువని అనుమానిస్తాం. చాలామందికి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు, కొందరికి ఉంటుంది.

వీళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు:

- లేనివి వినిపించడం, కనిపించడం ఉన్నవాళ్ళు, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివాటికి ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు
- "చుట్టూ ఉన్నదేదీ నిజంలా అనిపించట్లేదు", "నేను నాకే వేరే మనిషిలా ఉన్నా" అన్న ఫీలింగ్ ఇప్పటికే ఇబ్బంది పెడుతున్నవాళ్ళు
- నిద్ర పట్టక బాధపడుతున్నవాళ్ళు (ముందు నిద్ర బాగుచేసుకోండి, ఇది ఎక్కడికీ పోదు)

అందరికీ వర్తించే రూల్ ఒకటుంది: కలలా చూడండి, కల అనుకుని ప్రవర్తించకండి. ఎత్తునుంచి దూకడం, రోడ్డుకి అడ్డంగా వెళ్ళడం, మంట ముట్టుకోవడం, ఎవరినైనా తిట్టి చూడటం, ఇవేవీ టెస్టులు కావు. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, వంట చేసేటప్పుడు, మెషిన్ దగ్గర ఉన్నప్పుడు ఈ ప్రాక్టీసే వద్దు. టెస్ట్ చేశాక "ఇది కలే" అని నూటికి నూరుపాళ్ళు అనిపించినా సరే, ప్రమాదమైన పని మాత్రం చేయం అని ఇప్పుడే ఫిక్స్ అయిపోండి, ఎందుకంటే కలలో అది చేయకపోతే పోయేదేమీ లేదు.

మధ్యలో ఎప్పుడైనా లోకమంతా పొగమంచు వెనక ఉన్నట్టు అనిపించి అది గంటలతరబడి వదలకపోతే ఆపేయండి. కొన్నాళ్ళు చల్లగా పనులు చేసుకుంటూ ఉండండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి.

## 2. ముందు నిద్ర, ఒక నోట్‌బుక్

కలలు గుర్తులేనివాళ్ళకి పగటి సాధన దండగ. లూసిడ్ వచ్చినా పొద్దున్నకి గుర్తుండదు. అందుకే మొదటి ఒకట్రెండు వారాలు వేరే ఏమీ పెట్టుకోకుండా ఈ రెండే చేయండి.

నిద్ర: రాత్రి మొత్తంలో సుమారు 90 నిమిషాలకోసారి రెమ్ నిద్ర వస్తుంది, మొదటిసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పొడుగవుతుంది. అంటే ఐదు గంటలే పడుకునేవాళ్ళు కలలు ఎక్కువగా ఉండే భాగాన్నే కోసేస్తున్నారన్నమాట. తెల్లవారుజాము కలలు నిజమవుతాయని మన ఇళ్ళలో అంటారు కదా, నిజమవడం సంగతేమో గానీ గుర్తుండేవి మాత్రం ఎక్కువగా అవే, కలలోంచి నేరుగా లేస్తాం కాబట్టి. ఏడున్నర, ఎనిమిది గంటల నిద్ర దొరికేలా చూసుకోండి. మందు తాగి పడుకుంటే రాత్రి మొదటి సగంలో రెమ్ తగ్గుతుంది. డిప్రెషన్‌కి వాడే మందుల్లో కొన్ని కూడా రెమ్‌ని తగ్గిస్తాయి, అలాగని ఈ సరదా కోసం మందులు మాత్రం సొంతంగా మానేయొద్దు.

నోట్‌బుక్: దిండు పక్కన పెన్ను, పుస్తకం. ఫోన్ వద్దనే చెప్తా, ఎందుకంటే ఫోన్ తీయగానే వాట్సాప్ కనిపిస్తుంది, వాట్సాప్ కనిపించగానే కల పోతుంది. మెలకువ రాగానే కదలకండి, కళ్ళు తెరవకండి, అదే పక్కమీద అలాగే ఉండి "ఇప్పుడు ఏం చూశాను?" అని వెనక్కి లాగండి. చివరి సీన్ దొరికితే దాని ముందుది దొరుకుతుంది. ఏమీ దొరక్కపోతే ఎలాంటి మూడ్‌లో లేచారో రాయండి, "ఎందుకో చిరాగ్గా లేచా" అని రాసినా చాలు.

ముందుకెళ్ళేముందు చూసుకోవాల్సినవి:

- వారంలో ఎక్కువ రోజులు కనీసం ఒక కల ముక్కైనా రాస్తున్నారా
- కలలో చోటు, మనుషులు, మీరు చేసిన పని, వింతగా ఉన్నది, ఈ నాలుగూ రాస్తున్నారా
- పడుకునే టైం రోజూ అటూఇటూ ఒకేలా ఉందా

## 3. మీ కల గుర్తులు ఏరి పెట్టుకోండి

నోట్‌బుక్‌లో పది, పదిహేను కలలు చేరాక కూర్చుని చదవండి. మళ్ళీ మళ్ళీ వచ్చేవి కనిపిస్తాయి. వాటికి కింద గీత గీయండి.

మనవాళ్ళ కలల్లో కొన్ని భలే కామన్‌గా ఉంటాయి. ఉద్యోగం వచ్చి పదేళ్ళయినా ఇంటర్ మ్యాథ్స్ పరీక్ష రాయాల్సి రావడం, హాల్ టికెట్ కనపడకపోవడం. అమ్మేసిన పాత ఇల్లు. పెళ్ళిలోనో గుడిలోనో చెప్పులు పోవడం. బస్సు కదిలిపోతుంటే కాళ్ళు రాకపోవడం. పళ్ళు ఊడి చేతిలో పడటం. పాములు. రెండు చోట్లు కలిసిపోవడం కూడా ఎక్కువే, అమీర్‌పేట హాస్టల్ రూమ్ తలుపు తీస్తే అమ్మమ్మ వాళ్ళ పెరడు ఉంటుంది, అక్కడ మనకి అదేమీ వింతగా అనిపించదు.

వీటిని మూడు కుప్పలు చేయండి:

- పగలు కూడా ఎదురయ్యేవి (లిఫ్ట్, పాత ఫ్రెండ్, ఫోన్ పనిచేయకపోవడం, కంగారు)
- పగలు ఎప్పుడూ జరగనివి (చనిపోయినవాళ్ళు మాట్లాడటం, నేలకి తగలకుండా నడవడం)
- ఫీలింగ్స్ (లేట్ అయిపోతోందన్న భయం, ఎవరో వెంటపడుతున్నట్టు, కారణం లేని సిగ్గు)

మొదటి కుప్ప, మూడో కుప్ప పగటి సాధనకి పనికొస్తాయి. రెండోది రాత్రి పడుకునేముందు వాడతాం, 8వ స్టెప్‌లో చెప్తా.

## 4. ఎప్పుడు అడగాలి: ట్రిగ్గర్లు

"గంటకోసారి అలారం పెట్టుకుంటా" అని చాలామంది మొదలెడతారు. నాకైతే అది నచ్చదు. కలలో అలారం మోగదు, మోగినా అది నిజం అలారమే, లేచిపోతారు. ప్రశ్న కలలోకి రావాలంటే కలలో కూడా ఉండేవాటికి ముడిపెట్టాలి.

జర్మన్ సైకాలజిస్ట్ పాల్ థోలే ఈ ప్రశ్న పద్ధతిని సిస్టమేటిక్‌గా తయారుచేశాడు. ఆయన సలహా రోజుకి ఐదు నుంచి పదిసార్లు, అదికూడా కలలో ఎదురయ్యేవాటిని పోలిన సందర్భాల్లో. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. నలభైసార్లు మొక్కుబడిగా చేసేకంటే ఆరుసార్లు మనసుపెట్టి చేయడం మేలు.

మొదటి వారానికి మూడు ట్రిగ్గర్లే పెట్టుకోండి:

- ఒకటి చోటు మారేది: గుమ్మం దాటడం, లిఫ్ట్ దిగడం, చెప్పులు వేసుకోవడం
- ఒకటి మీ కల గుర్తుల్లోంచి: ఉదాహరణకి స్కూల్ యూనిఫాం కనిపించడం, చిన్ననాటి ఫ్రెండ్ పేరు వినపడటం
- ఒకటి ఫీలింగ్: కంగారు, ఆశ్చర్యం, "అదేంటి ఇలా జరిగింది" అనిపించడం

మూడోది అన్నిటికంటే బలమైనది. కలలు ఎక్కువగా ఏదో ఒక ఎమోషన్ మీదే నడుస్తాయి, పైగా "కలా నిజమా" అనే మాట మన నోట్లో ఎలాగూ ఉంటుంది, ఎప్పుడో కనపడనివాడు కనపడితే అనేస్తాం. ఇకమీదట ఆ మాట వచ్చినప్పుడల్లా ఊరికే అనేసి వదిలేయకుండా నిజంగా చెక్ చేయండి.

## 5. అసలు పని: అడగడం ఎలా

ఇక్కడే అందరూ తొందరపడతారు. బైక్ మీద గుడి ముందునుంచి వెళ్తూ చెయ్యి గుండెకి తాకించి వెళ్ళిపోతాం చూడండి, చెయ్యి దాని పని అది చేసేస్తుంది, మనసు ఆఫీస్‌లో ఉంటుంది. వేళ్ళు లెక్కపెట్టడం కూడా అలా తయారైతే కలలోనూ అలాగే లెక్కపెడతారు, ఆరు వస్తే "ఆ సరేలే" అనుకుని ముందుకెళ్ళిపోతారు. ఇది నిజంగా జరుగుతుంది.

కాబట్టి టెస్ట్ (ఏవేవో 6వ స్టెప్‌లో చెప్తా) చివర్లో. దానికి ముందు మూడు పనులున్నాయి.

మొదట ఆగండి. నడుస్తుంటే నిలబడండి, మాట్లాడుతుంటే ఆ మాట అయ్యాక ఒక్క క్షణం ఆగండి. "ఇది కల అయ్యే ఛాన్స్ ఉందా?" అని లోపల అడగండి. జవాబు ముందే "కాదు" అని రెడీగా పెట్టుకుని అడిగితే అడిగినట్టు కాదు. గుర్తుపెట్టుకోండి, కలలో ఉన్నప్పుడు కూడా మీకు ఇంతే గ్యారంటీగా "ఇది నిజమే" అనిపించింది. రాత్రి పరీక్ష హాల్లో చెమటలు పట్టినప్పుడు కూడా అంతే. కాబట్టి ఇప్పుడు ఈ గ్యారంటీకి విలువ లేదు.

తర్వాత జ్ఞాపకంలో వెనక్కి నడవండి. ఇక్కడికి ఎలా వచ్చాను? పది నిమిషాల ముందు ఎక్కడున్నా? అరగంట ముందు? పొద్దున ఎక్కడ లేచా? ఉదాహరణకి బస్టాప్‌లో ఉన్నారనుకోండి, ఆఫీస్‌లో సిస్టమ్ ఆఫ్ చేశా, లిఫ్ట్ కోసం చూసి చూసి మెట్లు దిగా, గేట్ దగ్గర సెక్యూరిటీ అతను ఏదో అన్నాడు, టీ బండి దగ్గర చిల్లర లేక పది రూపాయలు ఫోన్‌పే కొట్టా, అక్కడినుంచి నడిచి వచ్చా. గొలుసు తెగలేదు. కలలో ఈ గొలుసు దొరకదు, ఉన్నట్టుండి ఆ సీన్‌లో ఉంటారు, దానిముందు ఏముందో తడుముకోవాల్సి వస్తుంది. నన్నడిగితే ఈ ఒక్క స్టెప్ వేళ్ళు, ముక్కు, గడియారం అన్నిటికంటే పవర్‌ఫుల్, ఎందుకంటే ఇది బుర్రని పనిలో పెడుతుంది.

అప్పుడు చుట్టూ చూడండి. ఇక్కడ ఉండకూడనిది ఏమైనా ఉందా? ఎవరైనా ఈ టైంలో ఇక్కడ ఉండాల్సినవాళ్ళు కాదా? వెలుగు ఎటునుంచి వస్తోంది, నీడ అటువైపే పడుతోందా? కాళ్ళ కింద నేల బరువుగా తగులుతోందా?

ఇప్పుడు టెస్ట్ చేయండి, ఒకటి కాదు రెండు.

చివరిగా ఒక అర నిమిషం. "ఇది మెలకువే" అని తేలాక, "ఇదే కల అయ్యుంటే ఈ టెస్ట్ ఎలా అయ్యేది?" అని ఊహించండి, వేళ్ళు సాగిపోయినట్టు, ముక్కు మూసినా గాలి ఆడినట్టు. ఆ తెలిసిన క్షణంలో వచ్చే ఆశ్చర్యాన్ని కూడా ఊహించండి. "ఈసారి కలలో ఉన్నప్పుడు కూడా అడుగుతా" అని అనుకుని మీ పని చూసుకోండి. మొత్తం ఒక నిమిషం, ఎక్కువలో ఎక్కువ రెండు.

## 6. ఏ టెస్టులు పనికొస్తాయి, ఏవి పనికిరావు

గిల్లుకోవడంతో మొదలెడదాం, సినిమాల పుణ్యమా అని అందరికీ అదే తెలుసు. అది పనికిరాదు. కలలో కూడా గిల్లితే గిల్లినట్టే అనిపించొచ్చు, నొప్పి కూడా తెలియొచ్చు, "అమ్మయ్య నిజమే" అనుకుని మోసపోతారు.

పనికొచ్చేవి:

- ముక్కు మూసి పీల్చడం. నోరు మూసి, ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి గాలి పీల్చబోండి. మెలకువలో ఆడదు. కలలో తరచుగా హాయిగా ఆడుతుంది, ఎందుకంటే కలలో ముక్కు మూశారు గానీ మంచం మీద అసలు ముక్కు తెరిచే ఉంది. నలుగురిలో ఉన్నా ముక్కు తుడుచుకున్నట్టు చేసేయొచ్చు.
- రెండుసార్లు చదవడం. ఏదైనా బోర్డు చదవండి, చూపు తిప్పండి, మళ్ళీ చదవండి. కలలో అక్షరాలు నిలకడగా ఉండవు. "మెహదీపట్నం" అని చదివిన బోర్డు రెండోసారి చూస్తే వత్తు ఎటో పోయి ఇంకేదో అయ్యుంటుంది, లేదా అసలు అక్షరాల్లా ఉండే గీతలు ఉంటాయి. డిజిటల్ టైం కూడా అంతే.
- చేతులు చూడటం. ఊరికే లెక్కపెట్టడం కాదు, అరచేతి గీతలు చూడండి, గోళ్ళు చూడండి, చెయ్యి తిప్పి మళ్ళీ చూడండి. కలలో వేళ్ళు ఎక్కువ తక్కువ అవడం, కరిగినట్టు అవడం మామూలే.
- వేలితో అరచేతిని పొడవడం. అవతలికి దూరిపోతుందని నిజంగా అనుకుంటూ మెల్లగా నొక్కండి.

పనికిరానివాటిలో లైట్ స్విచ్ ఒకటి. స్విచ్ వేసినా లైట్ వెలగకపోతే కల అని కొందరు చెప్తారు, మన దగ్గర కరెంట్ పోవడానికి కల అక్కర్లేదు. ఎగిరి చూడటం ఇంట్లో నేలమీద చిన్నగా అయితే ఫర్వాలేదు గానీ మెట్లమీద, మేడమీద అస్సలు వద్దు.

రెండు టెస్టులు ఎందుకంటే, కలలో ఒక్కోసారి ఒకటి ఫెయిల్ అవుతుంది. ముక్కు మూస్తే గాలి ఆడకపోవచ్చు, ఎందుకంటే ఆడదనే మీరు ఎదురుచూస్తున్నారు. ఒకటి శరీరానిది (ముక్కు), ఒకటి చూపుది (చదవడం) పెట్టుకోండి, రెండూ ఒకేసారి మోసం చేయడం తక్కువ.

## 7. రోజుకోసారి పది నిమిషాల కల నడక

ట్రిగ్గర్లు ఒక వారం బాగా నడిచాక ఇది కలపండి. టిబెటన్ బౌద్ధంలో కల యోగం పగటిపూటే మొదలవుతుంది, చూసే ప్రతిదాన్నీ "ఇది కల" అని చూడమంటారు. మన వైపు మాండూక్య కారికల్లో (మాండూక్య ఉపనిషత్తు మీద రాసిన శ్లోకాలు) అద్వైత గురువు గౌడపాదుడు మెలకువలో కనిపించేవీ కలలో కనిపించేవీ ఒకలాంటివే అని వాదిస్తాడు. లోకం నిజంగా కలేనా అన్న చర్చలోకి నేను వెళ్ళను, దానికి మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. మనకి కావాల్సింది ఆ చూపు పది నిమిషాలు నిలబెట్టుకోవడం.

బండ్లు తిరగని చోటు చూసుకోండి. పార్క్, కాలనీ లోపలి దారి, అపార్ట్‌మెంట్ టెర్రస్ మధ్యలో, ఎక్కడైనా. ఫోన్ జేబులో, ఇయర్‌ఫోన్స్ ఇంట్లో.

1. మొదటి రెండు నిమిషాలు: 5వ స్టెప్ మొత్తం ఒకసారి చేయండి.
2. తర్వాత ప్రతిదాన్నీ ఎవరో ఈ క్షణమే తయారుచేసినట్టు చూడండి. ఆ కుక్క, ఆ ఆరేసిన చీర, కుక్కర్ విజిల్, పోపు వాసన. "ఈ పోపు వాసన నా కల తయారుచేసిందయితే ఎంత డీటెయిల్డ్‌గా చేసిందో" అని.
3. అవతలి మనిషి కనిపిస్తే "ఈయన కల మనిషి అయితే ఏం మాట్లాడతాడు" అని ఊహించండి. ఊహించడం వరకే. ఆయన నిజం మనిషి, ఆయనకి ఒక రోజు ఉంది, మర్యాద తగ్గకూడదు.
4. మధ్యలో "చూస్తున్నది నేను" అని మీమీదకి చూపు తిప్పండి. బయటి వస్తువు, చూసే మీరు, రెండూ ఒకేసారి తెలియాలి. రెండు సెకన్లలో జారిపోతుంది, జారినప్పుడు మళ్ళీ తెచ్చుకోండి.
5. చివరి నిమిషం తప్పనిసరి: "నడక అయిపోయింది, ఇది మెలకువ" అని స్పష్టంగా అనుకోండి. మంచినీళ్ళు తాగండి, ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడండి.

ఈ ఐదో పాయింట్ వదిలేసి రోజంతా అదే మూడ్‌లో తిరిగేవాళ్ళకే లోకం దూరంగా జరిగినట్టు అనిపిస్తుంది. నడకకి మొదలు, ముగింపు రెండూ ఉండాలి.

## 8. రాత్రికి ముడివేయడం

పగటిది ఒక్కటే చేస్తే చాలామందికి సరిపోదు. ఆస్ట్రేలియాలో డెన్‌హామ్ ఆస్పీ అనే పరిశోధకుడు 2017లో ప్రచురించిన స్టడీలో పగటి చెక్‌లు మాత్రమే చేసినవాళ్ళకి వారంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పగటి చెక్‌లతోపాటు తెల్లవారుజామున లేచి సంకల్పం చెప్పుకుని మళ్ళీ పడుకున్నవాళ్ళకి ఆ వారంలో సుమారు 17 శాతం ప్రయత్నాల్లో లూసిడ్ వచ్చింది. కాబట్టి రాత్రి భాగం కూడా కావాలి, కానీ వారానికి ఒకట్రెండు రాత్రులే, అదికూడా మర్నాడు సెలవున్నప్పుడు.

సంకల్పం పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన కలల పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ తయారుచేసింది. వరస ఇది:

1. పడుకున్న ఐదు గంటల తర్వాతకి అలారం పెట్టండి. ఇంట్లో మిగతావాళ్ళు లేవకుండా వైబ్రేషన్‌లో.
2. లేవగానే కదలకుండా అప్పటిదాకా వస్తున్న కల గుర్తుతెచ్చుకోండి, రాయండి.
3. ఐదు, పది నిమిషాలు మెలకువగా ఉండండి. బాత్రూమ్‌కి వెళ్ళిరండి, నోట్‌బుక్‌లో గీత గీసిన కల గుర్తులు చదవండి. రీల్స్ వద్దు.
4. పడుకుని "ఈసారి కల కంటున్నప్పుడు, కల కంటున్నానని గుర్తుపడతా" అని అర్థం తెలుస్తుండగా అనుకోండి. మొక్కుబడి జపంలా అయిపోకూడదు.
5. ఇందాకటి కలనే మళ్ళీ తలుచుకోండి, ఈసారి వింత వచ్చిన చోట ఆగి, వెనక్కి నడిచి, ముక్కు మూసి, "ఇది కల" అని తెలుసుకున్నట్టు ఊహించండి. తాతయ్య కాఫీ అడిగిన చోట ఆగండి. రెండో కుప్పలో పెట్టిన గుర్తులు ఇక్కడ వాడండి.
6. నిద్ర వచ్చేదాకా 4, 5 మార్చి మార్చి.

ఇందాకటి ఆస్పీ స్టడీలో సంకల్పం ముగిశాక ఐదు నిమిషాల్లోపు నిద్రపోయినవాళ్ళకి ఫలితం బాగా ఎక్కువ వచ్చింది. కాబట్టి గంటసేపు లేచి కూర్చోవాల్సిన పనిలేదు. నిద్ర మళ్ళీ పట్టనివాళ్ళు పై వరసలో మూడోది తగ్గించేసుకోండి, పక్కమీదే ఉండి చేసినా చాలు.

## 9. కలలో తెలిశాక మొదటి అర నిమిషం

మొదటిసారి తెలియగానే సంబరంతో లేచిపోతారు, అందరికీ అంతే. ముందే రిహార్సల్ చేసి పెట్టుకోండి:

- అరవకండి, పరిగెత్తకండి, నిలబడండి
- రెండు అరచేతులు గట్టిగా రుద్దుకోండి, ఆ వేడి మీద ధ్యాస పెట్టండి
- నేల, గోడ, దగ్గరున్న వస్తువు ముట్టుకోండి
- "ఇది కల" అని పైకి అనండి, మధ్యమధ్యలో మళ్ళీ అనండి, లేకపోతే మళ్ళీ కథలో పడిపోతారు
- మసకబారుతుంటే మళ్ళీ చేతులు రుద్దుకోండి

కళ్ళు మూసుకోవడం మొదట్లో వద్దు, చాలామందికి మెలకువ వచ్చేస్తుంది. ఒక చిన్న పని ముందే అనుకుని పెట్టుకోండి, ఆకాశం చూడటం లాంటిది. ఎగరడం రెండోసారికి ఉంచండి.

## 10. ఎక్కడ ఆగిపోతారు, ఏం చేయాలి

"పగలు ట్రిగ్గర్ వచ్చినా అడగటం మర్చిపోతున్నా." మంచిదే, ఏది ట్రైన్ చేయాలో తెలిసింది. మర్చిపోయానని గుర్తొచ్చిన క్షణంలోనే చేసేయండి. ట్రిగ్గర్లు మూడుంటే ఒకటికి తగ్గించండి. పొద్దున లేవగానే "ఇవాళ లిఫ్ట్ దిగినప్పుడల్లా" అని ఆ సీన్ ఊహించుకోండి.

"కలలో చెక్ చేశా, కానీ నిజమే అనుకున్నా." ఇది ఫెయిల్యూర్ కాదు, సగం దారి వచ్చేశారు, ప్రశ్న కలలోకి దిగింది. ఇప్పుడు లోపం 5వ స్టెప్‌లో ఉంది, వెనక్కి నడవడం చేయకుండా నేరుగా టెస్ట్ చేస్తున్నారు. వారంపాటు టెస్టులు పూర్తిగా మానేసి వెనక్కి నడవడం ఒక్కటే చేయండి.

"కల అని తెలిసి లేచా, బ్రష్ చేశా, ఆఫీస్‌కి రెడీ అయ్యా, అప్పుడు నిజంగా లేచా." దొంగ మెలకువ అది. ఒక్కోసారి వరసగా రెండు మూడు వస్తాయి, కొంచెం భయం కూడా వేస్తుంది. మందు ఏంటంటే, ప్రతిసారీ నిద్రలేవగానే మొదటి పని ముక్కు టెస్ట్. పక్కమీద ఉండగానే. ఇది అలవాటైతే చాలామందికి ఎక్కువ లూసిడ్స్ ఇక్కడినుంచే మొదలవుతాయి.

"లేచా గానీ కదల్లేకపోయా, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించింది." రెమ్ నిద్రలో కండరాలు వదులైపోయి ఉంటాయి, ఆ స్థితి మెలకువలోకి కాస్త లాగింది, అంతే, దెయ్యం గుండెమీద కూర్చోలేదు. గింజుకోకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఒక్క వేలు కదపడానికి చూడండి. కొద్దిసేపట్లో పోతుంది. మాటిమాటికీ వస్తుంటే తెల్లవారుజాము అలారాలు ఆపేయండి, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి.

"నెల దాటింది, ఏమీ లేదు." నోట్‌బుక్ తెరవండి. వారానికి మూడు నాలుగు కలలు కూడా లేకపోతే 2వ స్టెప్‌కి వెళ్ళండి. కలలు బాగానే ఉండి లూసిడ్ రాకపోతే రాత్రి భాగం చేస్తున్నారో లేదో చూసుకోండి. రెండూ చేస్తున్నారా, అయితే ఒక వారం అన్నీ ఆపేసి మామూలుగా పడుకోండి. నిద్రని పరీక్షలా చేసుకుంటే నిద్రే పట్టదు.

"యూఎస్ షిఫ్ట్, పగలు పడుకుంటా." వరస మారదు, గడియారం మారుతుంది. మీరు పడుకున్న టైం నుంచి ఐదు గంటలు లెక్కపెట్టుకోండి, గదిలో చీకటి ఉండేలా మందపాటి కర్టెన్ వేయండి, డెలివరీ వాళ్ళు బెల్ కొట్టకుండా చూసుకోండి. షిఫ్ట్ వారం వారం మారేవాళ్ళయితే ఆ మారిన వారంలో రాత్రి భాగం జోలికి వెళ్ళొద్దు, 5వ స్టెప్ ఒక్కటే రోజుకి నాలుగైదుసార్లు చేసుకుంటూ నిద్ర కుదిరాక మిగతావి కలపండి.